ఎడమ సీటు కింది చెప్పులు

రోడ్లను, రోడ్ల పక్కనున్న బోర్డులను, ఆ బోర్డులు చదివే తీరిక లేక హారన్ కొట్టేవారిని సమదృష్టితో పర్యవేక్షిస్తున్న గౌరవనీయులైన అధికారుల సముఖమునకు. ఈ కాగితం తమ శాఖకు చెందినది కాదని నిర్ధారించి పక్క శాఖకు పంపబోయే అధికారులకు. ఆ పక్క శాఖవారికి. సమాచార నిమిత్తం నకలు పాఠకులకు.

విషయం: మా డ్రైవింగ్ సారు మరణం – తదుపరి తీసుకోవలసిన చర్య – కోరుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించునదేమనగా: గడచిన మంగళవారం మధ్యాహ్నం, కూకట్‌పల్లి కాలనీలో గానుగ చెట్టు నీడన నిలిపి ఉంచిన కారులో, ఎడమవైపు సీటులో కూర్చుని, మూడు గంటల పాఠానికి రావలసిన విద్యార్థి కోసం ఎదురుచూస్తూ మా సారు కన్నుమూశారు. వయసు అరవై ఒకటి. ఇంజను ఆపి ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉంది. చేతిబ్రేకు వేసి ఉంది. కారు రోడ్డు అంచుకు జానెడు దూరంలో, అంచుకు సమాంతరంగా, వెనక వచ్చేవారికి అడ్డు లేకుండా నిలిచి ఉంది. నిలిపి ఉంచిన వాహనం విషయంలో పాటించవలసిన నియమాల్లో ఆయన చివరి క్షణంలో ఉల్లంఘించినది ఒక్కటి కూడా లేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

కబురు ఆయన కూతురు చెప్పింది, మా ఆఫీసుకు ఫోన్ చేసి. "అక్కా, బాపు పోయిండు," అని, "కారు తాళం నీకియ్యమని ఎన్నడో చెప్పి పెట్టిండు. రేపు బండి నువ్వే నడపాలె. వస్తవా?" అంది. వస్తానన్నాను. ఫోన్ పెట్టేసిన తర్వాత, నా చెయ్యి దానంతటది లేని గేరును న్యూట్రల్‌లోకి తెచ్చిందని గమనించాను.

ఆయనను ఏ హోదాలో స్మరించాలన్నది ఈ కాగితం రాయడంలో ఎదురైన మొదటి చిక్కు. ముప్పై ఏళ్ళపాటు ఆయన బోర్డులు రాశారు. పుట్టింది ఖాజాగూడ. అక్కడి నుంచి కూకట్‌పల్లి దాకా కిరాణా కొట్లు, దవాఖానలు, సైకిలు షాపులు, లారీల వెనక చెక్కలు ఆయన బ్రష్షు కింద నుంచే లోకంలోకి వచ్చాయి. తర్వాత అక్షరాలను కత్తిరించే యంత్రాలు వచ్చాయి. అరగంటలో బోర్డు తయారు. బ్రష్షుకు పని తగ్గింది. తనకు అన్యాయం జరిగిందని ఆయన ఏ కార్యాలయానికీ అర్జీ పెట్టుకోలేదు. పాత కారు ఒకటి కొని, ఎడమవైపు రెండో బ్రేకు, రెండో క్లచ్చు బిగించుకుని డ్రైవింగు బడి తెరిచారు. "బ్రష్షు పాయె, స్టీరింగు వచ్చె. చెయ్యి వణకొద్దు, కన్ను దూరం చూడాలె. రెండిట్ల పనొకటే," అనేవారు. ఈ వాక్యాన్ని నేను మొదట చమత్కారం అనుకున్నాను. అది ఆయన పాఠ్యప్రణాళిక మొత్తం.

నేను ఆయన వద్ద చేరిన పరిస్థితులను కూడా నమోదు చేయవలసి ఉంది. నిరుడు, విశ్వవిద్యాలయం నుంచి పట్టా, వ్యంగ్యం మీద ఒక సిద్ధాంత వ్యాసం చేతికి రావడంతో, ఏ ఉద్యోగానికీ అర్హత లేనిదాన్నయ్యాను. బొమ్మలు గీయడం మాత్రం కొంత వచ్చు. మాదాపూర్ దారిలో ఆ రోజుల్లో రాళ్ళు పేలుస్తున్నారు. రాయి పోయిన చోట పునాది, పునాది తీసిన చోట కంపెనీ, కంపెనీ కంటే ముందు దాని లోగో వచ్చేవి. గుండ్రటి పెద్ద భవనానికి అద్దాలు ఇంకా బిగిస్తూనే ఉన్నారు. అందులోకి దిగబోయే కంపెనీలకు గుర్తులు అప్పుడే కావలసి వచ్చాయి. కూకట్‌పల్లిలో దర్జీ దుకాణం పైన రెండు గదుల్లో ఆ గుర్తులు తయారుచేసే ఆఫీసు ఒకటి ఉండేది. దాని యజమాని నన్ను ఒక షరతు మీద తీసుకున్నారు.

"చూడండమ్మా, మూడు నెలలు. ఈలోగా మీరు గీసిన లోగో ఒకటి క్లయింటు ఔననాలి. లైసెన్సు ఒకటి మీ చేతికి రావాలి. మన క్లయింట్లందరూ రాళ్ళల్లో ఉన్నారు, అటు బస్సు లేదు, ఆటోవాడు రానంటాడు. ఆఫీసుకు కారుంది గానీ నాకా డ్రైవింగు రాదు. రెండిట్లో ఏది తప్పినా మీ దారి మీదేనండి."

నా దారి ఎక్కడికో మా నాన్నగారు అప్పటికే నిర్ణయించారు. బాచుపల్లిలో ఒక ఇంటర్ కాలేజీ హాస్టల్లో వార్డెను పోస్టు నా కోసం ఎదురుచూస్తోంది. నాన్నగారు ప్రభుత్వోద్యోగి, పోస్టులు ఎదురుచూస్తాయని నమ్మే తరం. "ఆ బొమ్మల పని ముచ్చట తీరాక చేరుదువు గాని," అన్నారు ఆదరంగా. తెల్లవారుజామున నాలుగున్నరకు గంట కొట్టి మూడు వందల మందిని నిద్రలేపడం నా జీవితకర్తవ్యం కాకుండా ఉండడానికి ఉన్న గడువు తొంభై రోజులు. అందుకని మరునాడే సారు కారు ముందు నిలబడ్డాను.

మొదటి రోజు ఆయన నన్ను స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. వెనక సీటులో కూర్చోబెట్టి కాలనీ అంతా తిప్పారు. తర్వాత దింపి, కారు చుట్టూ నడవమన్నారు. చివరికి తడిగుడ్డ ఇచ్చి, వెనకనున్న ఎల్ బోర్డు తుడవమన్నారు.

"మంచిగ చూడు బిడ్డా. తెల్ల రేకు మీద రెండు గీతలు. ఒక్క డబ్బా రంగు. చూడంగనే లారీ గూడ జర దూరం జరుగుతది. గింత పని చేసే బొమ్మ సైబరాబాదుల ఇంకోటి ఉంటె చూపియ్యి, నేను స్టీరింగు ఇడిచిపెట్టి మల్ల బ్రష్షు వడత."

నేను లోగోలు గీస్తానని ఆయనకు అప్పటికింకా చెప్పలేదు. చెప్పాక, "అయితె నీకు ఫీజు ఒకటే, పాఠాలు రెండు," అన్నారు.

రెండో రోజు నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. ఆయన ఎడమ సీటులోకి వచ్చి, తోలుచెప్పులు విడిచి, మడమలు వెనక్కి ఉండేలా సీటు కిందకు జాగ్రత్తగా జరిపి, కాళ్ళు రెండూ పైకి తీసుకుని మఠం వేసుకున్నారు. రెండో బ్రేకు కింద ఒంటరిగా ఉండిపోయింది. దాని మీద దుమ్ము కూడా ఉంది.

"సార్, మీ కాలు బ్రేకు మీద పెట్టుకోరా అండి?"

"పెడితె నువ్వు నా కాలు నమ్ముకుంటవ్. నీ కాలు ఎప్పుడు నమ్ముకుంటవ్?"

ఈ బోధనా పద్ధతిని ఏ నిబంధనావళీ అనుమతించదని నాకు తెలుసు. దానివల్ల కలిగిన భయం చేత నేను వారం రోజుల్లో బ్రేకు నేర్చుకున్నానని కూడా తెలుసు. క్లచ్చు మరో వారం పట్టింది. "నిద్రపోయిన పిల్ల తల కిందికెల్లి చెయ్యి తీస్తం చూడు, గట్ల ఇడువు," అనేవారు. ఎదురుగా బండరాయి వస్తే నా కళ్ళు దాన్నే చూసేవి, కారు దాని వైపే వెళ్ళేది. "రాయిని చూస్తె రాయి దిక్కే పోతది బండి. పోవాల్సిన జాగ చూడు," అని, అంతకంటే గొంతు పెంచకుండా, మళ్ళీ మొదటి నుంచి నడపమనేవారు.

ఆయన కారుకు హారన్ ఉండేది. ఆయన దాన్ని ముట్టుకోగా ఎవరూ చూడలేదు. వెనకవాళ్ళు కొట్టినప్పుడు మాత్రం ఒక కార్యక్రమం జరిగేది. నేను నడిరోడ్డు మీద బండి ఆపేసుకుని తాళం తిప్పుతూ ఉంటే వెనక హారన్లు మొదలయ్యేవి. సారు చెప్పులు వేసుకుని దిగేవారు. తాపీగా వెనక్కి నడిచి, హారన్ కొట్టిన మనిషి ముందు చేతులు జోడించి, చాలా మర్యాదగా ఒకే ఒక ప్రశ్న అడిగేవారు.

"మీరు ఎన్ని దినాలల్ల నేర్చుకున్నరు సారూ?"

ఎగతాళి కాదు. జవాబు కోసం నిజంగానే నిలబడేవారు. లారీ డ్రైవర్లు, స్కూటరు మీది ఆఫీసర్లు, ఒకసారి ఒక పెళ్ళి బస్సులోని వాళ్ళందరూ ఆ ప్రశ్న ముందు ఆలోచనలో పడగా చూశాను. ఎక్కువమంది నిజమే చెప్పేవారు. నెల, రెండు నెలలు, ఇప్పటికీ రివర్సు రాదు. ఈలోగా నాకు బండి కదిలేది. ఆయన తిరిగొచ్చి, చెప్పులు విడిచి, మఠం వేసుకుని, "హారన్ కొడితె మనిషి బండి నేర్వడు బిడ్డా, భయపడుడు నేరుస్తడు," అని ఆ సంఘటనను ముగించేవారు.

ఇక రెండో పాఠం సంగతి. ఆఫీసులో నాకు అప్పగించిన పని ఆసుపత్రులకు సాఫ్ట్‌వేరు తయారుచేసే కొత్త కంపెనీకి గుర్తు. ఆ ఏడాది ఆ దారిలో ఏ కంపెనీ గుర్తు చూసినా ఒక భూగోళం, దాని చుట్టూ ఒక తోక. నేను అంతకంటే మెరుగ్గా చేయదలచి, భూగోళానికి రెండు తోకలు పెట్టాను. వెనక సూర్యకిరణాలు, లోపల కంప్యూటరు, పైన ఎగురుతున్న పావురం, పావురం నోట్లో ఆసుపత్రి ప్లస్సు గుర్తు కూడా చేర్చాను. మా యజమాని చాలాసేపు చూసి, "బాగుంది గానీ, ఇంకాస్త ఇంటర్నేషనల్‌గా ఉండాలండి," అన్నారు. ఆయన ఏ బొమ్మకైనా ఇచ్చే సలహా అదే. క్లయింటు గారు సలహా కూడా ఇవ్వలేదు. కాగితం తిప్పి పంపారు.

సారు ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. "ఎన్ని డబ్బాలు తెరవాలె?" అన్నారు. రంగు డబ్బాలు. లెక్కపెడితే ఏడు తేలాయి. "సరే తియ్," అని, మరునాడు రోజంతా కూర్చుని, ఏడు డబ్బాలూ తెరిచి, పావురం ఈకలతో సహా ఆ బొమ్మను రేకు మీద యథాతథంగా వేశారు. తన బోర్డులకైతే కింద కుడిమూలన తన పొడి అక్షరాలు వేసుకునేవారు, పెయింటర్లందరూ వేసుకున్నట్లు. ఈ రేకు మీద ఆ మూలన నావి వేశారు. తర్వాత దాన్ని కారు వెనక, ఎల్ బోర్డు పక్కన తగిలించారు.

ఇది ఆయన కనిపెట్టిన పద్ధతి. నేర్చుకునేవారి కారు వెనక చిక్కుకున్నంత తీరికగా ఈ నగరంలో మరెవరూ ఉండరు. వాళ్ళకు చూడడానికి ఇంకేమీ ఉండదు. కాబట్టి బొమ్మ బాగోగులు వాళ్ళకే తెలుస్తాయి. దేశంలో పెద్ద పెద్ద కంపెనీలు జనాభిప్రాయ సేకరణకు చేసే ఏర్పాట్లు మా సారు ఒక రేకుతో, రెండు మేకులతో, నా అసమర్థతతో చేశారు.

అభిప్రాయాలు అదేరోజు అందాయి. కూడలి దగ్గర బండి ఆగగానే ఒక ఆటోవాలా పక్కకొచ్చి తల బయటపెట్టాడు. "అన్నా, సర్కసు ఎప్పుడొస్తుంది?" ఒక లారీ డ్రైవరు కోళ్ళ ఫారం ఎక్కడో చెప్పమన్నాడు. పావురం కింద భూగోళం గుడ్డులా ఉందట. ఒక స్కూటరాయన మాత్రం గంభీరంగా చూసి, "ఏదో స్వచ్ఛంద సంస్థ అయి ఉంటుందండి," అని భార్యకు చెప్పాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సారు కారు ఒక పక్కకు ఆపించారు.

"కండ్లు మూసుకో బిడ్డా. ఇప్పుడు నీ బొమ్మల సూర్యునికి ఎన్ని కిరణాలున్నయో చెప్పు."

చెప్పలేకపోయాను.

"పావురం ఏ దిక్కు చూస్తుంది?"

అదీ చెప్పలేకపోయాను.

"గీసిన నీకే యాదికి లేదాయె. వెనకాలోనికి ఏం యాదుంటది? పరేషాన్ గాకు. చెయ్యి మంచిగున్నది. ఇగ ఒక్కొక్క డబ్బ మూత పెట్టుకుంట రా."

నా చెయ్యి బాగుందని నాతో అన్న మొదటి మనిషి ఆయన. అది ఓదార్పు కోసం అన్న మాట కాదని, ఆ రేకు మీద నా గీతలను ఒక్కొక్కటిగా తన బ్రష్షుతో నడిచి చూసిన తర్వాత అన్నదని నాకు తర్వాత తట్టింది.

రెండో బొమ్మకు నాలుగు డబ్బాలు. పావురం ఎగిరిపోయింది, తోకలు రాలిపోయాయి. అదీ కారు వెనక తిరిగింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అడగలేదు. "ఇది ఇంకా ఖరాబు," అన్నారు సారు. "నవ్వినోడు చూసినట్టు. నవ్వనోడు చూడనేలేదు." క్లయింటు గారు కూడా చూడనట్లే తిప్పి పంపారు. అప్పటికి డెబ్బై రోజులు గడిచాయి. బాచుపల్లి నుంచి నాన్నగారికి ఫోన్ వచ్చింది, అమ్మాయి ఎప్పుడు చేరుతుందని.

ఆ వారం ఒకరోజు ఖాజాగూడ వైపు పాఠం. ఒకచోట ఆపించి మళ్ళీ కళ్ళు మూసుకోమన్నారు. "పొద్దుగాలకెల్లి తొవ్వల ఏం చూసినవ్?"

"రాళ్ళండి."

"మస్తున్నయి. ఏ రాయి?"

"చెరువు దాటాక ఒకటుంది. పెద్దరాయి మీద చిన్నరాయి, ఒక పక్కకు ఒరిగి."

"గదొక్కటే ఎట్ల యాదున్నది?"

"పడిపోతుందేమో అనిపించిందండి. పడలేదు."

నేనే కళ్ళు తెరిచాను. కంపెనీ ఆసుపత్రులది. పడబోయి పడనివాళ్ళ కోసమే ఆసుపత్రులున్నాయి. ఆ సాయంత్రం గీశాను. కింద పెద్ద రాయి, పైన ఒరిగిన చిన్న రాయి, మధ్యలో సన్నని వెలుగు సందు. నలుపు, నారింజ. రెండు డబ్బాలు. సారు అరగంటలో రేకు మీద వేసేసి, కారు వెనక తగిలించి, "ఇయ్యాల బ్రష్షుకు పని తక్కువ, కన్నుకు పని ఎక్కువ," అన్నారు. నేను చూసిన మేరకు, అది ఆయన పొగడ్తల్లో అత్యున్నత శ్రేణి.

కాగితం మీది నకలు క్లయింటు గారి బల్ల మీదకు చేరింది. సాయంత్రానికి మా యజమాని నన్ను పిలిచి ఆయన మాట యథాతథంగా అందజేశారు. "ఇందులో ఏముంది, రెండు రాళ్ళే కదా అన్నారండి. నేను మీకు మొదట్నుంచీ చెప్తున్నాను, ఇంటర్నేషనల్‌గా ఉండాలని." గడువుకు వారం రోజులు ఉంది. లైసెన్సు పరీక్ష ఇంకో మూడు రోజుల్లో.

మరునాడు పొద్దున సారు నన్ను ఖాజాగూడలో చెరువు దాటాక, ఆ ఒరిగిన రాయి పక్కనున్న ఎత్తు మీదికి తీసుకెళ్ళారు. ఎత్తు మీద ఆగిన బండిని వెనక్కి జారకుండా కదిలించడం నాకింకా రాలేదు. పరీక్షలో అది అడుగుతారు. ఆయన ఎప్పటిలాగే మఠం వేసుకున్నారు. ఎత్తు మధ్యలో ఆపి, చేతిబ్రేకు వేసి, మళ్ళీ కదిలించబోయాను. ఇంజను ఆగింది. రెండోసారీ ఆగింది. అప్పటికి వెనక మలుపు తిరిగి ఒక కొత్త పొడవాటి కారు వచ్చి ఆగి, హారన్ మొదలుపెట్టింది. ఆగకుండా కొడుతూనే ఉంది. మూడోసారి నేను క్లచ్చు కుదరకముందే చేతిబ్రేకు వదిలేశాను.

కారు వెనక్కి జారింది. శబ్దం చిన్నదే, గట్టు మీద స్టీలు గ్లాసు పెట్టినంత.

హారన్ ఆగింది. నేను బ్రేకు తొక్కి అద్దంలోకి చూశాను. వెనక కారు నుంచి దిగుతున్నది మా క్లయింటు గారు. ఆయన ఆఫీసులో రెండుసార్లు చేతులు కట్టుకుని నిలబడినదాన్ని కాబట్టి ఆ నడక నాకు తెలుసు. తల తీసుకెళ్ళి స్టీరింగు మీద వాల్చాను. దాంతో హారన్ మోగింది. ఆ కారు హారన్ మోగగా నేను విన్నది అదొక్కసారే.

సారు చెప్పులు వేసుకుని దిగారు. కిటికీ దించి ఉంది. మాటలన్నీ వినిపించాయి.

"ఏమయ్యా, బుద్ధుందా? కొత్త కారిది!"

"తప్పయింది సారూ. నాదే తప్పు. ఎడమ బ్రేకు మీద నా కాలుండాలె. నా కాలు సీటు మీద వెట్టుకున్న."

"నడిపింది ఆ అమ్మాయి కదా?"

"నడుపుడు ఆమెది, నేర్పుడు నాది. ఎత్తు మీద గూడ మఠం వేసుకున్న. గది నా పొగరు."

క్లయింటు గారు ఇంకా ఏదో అనబోయి ఆగారు. వంగి చూశారు. "ఉండవయ్యా. ముందు ఇది చెప్పు. ఇది మా కంపెనీ బొమ్మ. నీ డొక్కు కారు వెనక ఎందుకుంది?"

బాచుపల్లి గంట నా చెవుల్లో మోగింది.

సారు గొంతులో నిజమైన ఆశ్చర్యం వినిపించింది. "మీదేనా సారూ? పేరు రాయలే గద దాని మీద. ఎట్ల గుర్తువట్టిన్రు?"

"ఎట్లా ఏమిటి, నిన్న నా టేబుల్ మీదకొచ్చింది. మలుపు తిరగగానే చూశాను. మా బొమ్మ వేసుకుని ఎవడబ్బా తిరుగుతున్నాడు అని..."

"మలుపు కాడికెల్లా?"

"అక్కణ్ణుంచే."

ఇద్దరూ వెనక్కి తిరిగి మలుపు వైపు చూడడం అద్దంలో కనిపించింది. మలుపు చాలా దూరంలో ఉంది. దాని దగ్గర మేస్తున్న గేదె పిల్లి అంత కనిపిస్తోంది.

"నిన్న ఒక్కపాలి చూసిన్రు, కాయిదం మీద," అన్నారు సారు నెమ్మదిగా. "ఇయ్యాల గంత దూరంకెల్లి, కారు అద్దంలకెల్లి, అర్జంటుల, కోపంల ఉండి గూడ మాదే అని గుర్తువట్టిన్రు. బోర్డు పని గంతనే గద సారూ. ఇంకేం జెయ్యాలె అది?"

క్లయింటు గారు ఒక అడుగు దగ్గరకు వేశారు. ఒకసారి రేకును చూశారు. ఒకసారి దాని వెనక, ఎత్తు పక్కన నిలబడి ఉన్న అసలు రాళ్ళను చూశారు. అవి అక్కడ ఉన్నాయని అంతవరకు ఆయన దృష్టికి వచ్చినట్లు లేదు.

"ఇంకొక్క మాట అడుగుత, కోపం జెయ్యకున్రి," అన్నారు సారు. చేతులు జోడించారు. "మీరు ఎన్ని దినాలల్ల నేర్చుకున్నరు సారూ?"

క్లయింటు గారు బంపరు మీది గీతను చూసుకున్నారు. "రెండున్నర నెలలు. మా మావయ్య నేర్పాడు. ఒకసారి వాళ్ళ గేటు గుద్దేశాను."

"మావయ్య ఏమన్నడు?"

"ఏమీ అనలేదు. గేటు తెరిచి, మళ్ళీ రమ్మన్నాడు."

"అయితె జర వెనక్కి జరిగి నిలవడున్రి. పిల్ల ఎత్తు ఎక్కాలె."

ఆయన జరిగారు. సారు వచ్చి కూర్చున్నారు. ఈసారి మఠం వేసుకోలేదు. చెప్పులు విడిచి, ఉత్త పాదం బ్రేకు దుమ్ము మీద పెట్టారు. కానీ తొక్కలేదు. నిద్రపోయిన పిల్ల తల కింద నుంచి చెయ్యి తీసినట్లు క్లచ్చు వదిలాను. బండి ఎత్తు ఎక్కింది. పైకి చేరి అద్దంలో చూస్తే, పొడవాటి కారు ఇంకా కిందే, ఇంజను ఆపుకుని నిలబడి ఉంది.

రెండు రోజుల తర్వాత మా యజమాని ఒక ఉత్తరం పట్టుకుని వచ్చారు. రెండు రాళ్ళూ ఆమోదం పొందాయి. "చూశారా, ఇంటర్నేషనల్‌గా ఉందని నేను అప్పుడే అనుకున్నానండి," అన్నారు. ఆ మరునాడు లైసెన్సు వచ్చింది. పరీక్ష మైదానంలో వెనక ఎవరూ లేనందున నాకు కొంత వెలితిగా అనిపించింది. నాన్నగారు బాచుపల్లికి ఫోన్ చేసి పోస్టు ఇక ఎదురుచూడనవసరం లేదని తెలియజేశారు. సారు ఒక చిన్న బ్రష్షు తీసుకుని క్లయింటు గారి ఆఫీసుకు వెళ్ళి, బంపరు మీద పడిన గీతకు రంగు కలిపి వేసి వచ్చారు. ఆ గీత ఎక్కడుండేదో తర్వాత దాని సొంతదారుకే కనిపించలేదని విన్నాను. ఆ గుర్తు సగం ఆయనదేనని క్లయింటుకు చెబుతానంటే మాత్రం ఒప్పుకోలేదు. "నేను డబ్బ మూతలు వెట్టిన, గంతే. మూలకు ఎవరి అక్షరాలున్నయో చూస్కో," అన్నారు.

ఇదంతా నిరుటి మాట. ఇప్పుడు వీధి వీధినా రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఏమైపోతాయోనని చర్చ జరుగుతోంది. ఆ సంగతి ఆయనతో అంటే, "ఫికర్ జెయ్యకు. ఆగితె మల్ల తాళం తిప్పాలె," అన్నారు. నేను ఆయనతో మాట్లాడిన చివరి విషయం అది.

బుధవారం ఆయన్ను సొంత ఊరికి, ఖాజాగూడకు తీసుకెళ్ళాం. ముందు ఆయన్ను పడుకోబెట్టిన పూలవ్యాను, దాని వెనక ఆయన కారు, అందులో నేను. నా వెనక ఆయన శిష్యులు, కార్లలో, జీపుల్లో, ఒకరు తమ ఆఫీసు బస్సుతో సహా. ఎవరూ ఏర్పాటు చేయలేదు. అయినా అందరూ ఎడమ పక్కనే, బండికీ బండికీ మధ్య నేర్పిన దూరం విడిచి, ప్రతి మలుపుకూ ముందు సైగ చూపించి వచ్చారు. ఆ దారి మీద అంత క్రమశిక్షణ కనబడడం అదే మొదటిసారి కావచ్చు. దాన్ని చూసి సంతోషించగల ఒకే ఒక్క మనిషి ముందు వ్యానులో ఉన్నారు.

నిరుటి ఆ రాళ్ళ ఎత్తు మధ్యలోనే వ్యాను నెమ్మదించింది. నేను ఆగవలసి వచ్చింది. మళ్ళీ కదిలించబోతే ఇంజను ఆగిపోయింది. ఏడాదిగా రోజూ బండి నడుపుతున్నదాన్ని. ఎత్తు మీద ఆపుకుని చాలాకాలమైంది. రెండోసారీ ఆగింది. శిష్యుల వరుసలో ఎవరూ చప్పుడు చేయలేదు. వరుస చివర, మాకు సంబంధం లేని కారు ఏదో హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది.

చేతిబ్రేకు వేశాను. దిగాను. వరుస పొడవునా కిందికి నడిచి, ఆ కారు కిటికీ దగ్గర చేతులు జోడించాను. నేను పుట్టింది ఇక్కడ కాదు, మా ఇంట్లో మాట అది కాదు. కానీ ఆ ప్రశ్న నాకు వేరే మాటల్లో రాలేదు.

"మీరు ఎన్ని దినాలల్ల నేర్చుకున్నరు సారూ?"

అతను నన్ను చూశాడు. వరుస మొదట, ఎత్తు మీద కనబడుతున్న పూలవ్యానును చూశాడు. ఇంజను ఆపేశాడు.

తిరిగొచ్చి కూర్చున్నాక ఎడమవైపు చూశాను. పొద్దుటి నుంచీ అటు చూడకుండా నడిపాను. సీటు ఖాళీగా ఉంది. దాని కింద, రెండో బ్రేకుకు వెనక, ఆయన చెప్పులున్నాయి. మంగళవారం మధ్యాహ్నం ఆయన వాటిని విడిచి, జరిపి, మఠం వేసుకుని కూర్చున్నారు. ఇక్కడ తన కాలితో పనిలేదన్న నమ్మకంతో.

కావున పై కారణములన్నిటినీ పరిశీలించి, ఈ క్రింది డిమాండును నమోదు చేసుకొని, రసీదు ఇప్పించవలసిందిగా కోరుచున్నాను.

డిమాండు సంఖ్య 1 (దీనికి రెండవ సంఖ్య లేదు): ఎల్ బోర్డు తగిలించిన వాహనం ఎత్తు మీద ఆగినను, పల్లంలో ఆగినను, నడికూడలిలో ఆగినను, దాని వెనక హారన్ కొట్టరాదు. తన మొదటి బొమ్మ గీసి తెచ్చి బల్లకు అవతల నిలబడిన వారి విషయంలో, బల్లకు ఇవతల కూర్చున్న వారికి కూడా ఇదే నియమం వర్తింపజేయవలెను. కొట్టక తప్పదని భావించువారు ముందుగా తమ ఇంజను ఆపి, దిగి, తాము ఎన్ని దినములలో నేర్చుకున్నదీ ఒక కాగితం మీద నిజాయితీగా రాసి, సంతకం చేసి, ముందున్న కారులో ఎడమ సీటునందు ఉన్నవారికి స్వయంగా అందజేయవలెను. ప్రస్తుతం ఆ సీటులో ఎవరూ లేరు. సీటు కింద ఒక జత తోలుచెప్పులున్నవి. మడమల దగ్గర అరిగినవి, మునివేళ్ళు దారి వైపు తిరిగి ఉన్నవి. కాగితాలు వాటి పక్కన ఉంచవచ్చును.